నెల్లూరు, ఒంగోలు వాయిద్యకారులు క్రూజ్ షిప్ ఎక్కాలంటే

"షిప్పులో కీబోర్డు ఉద్యోగం ఉందంటన్నా, మూడు లక్షలు కట్టమంటా ఉండారు, కట్టేదా?"

కావలి నుంచి ఒంగోలు దాకా చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో, పెళ్లి ప్రోగ్రాముల్లో వాయించేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. కట్టొద్దు. ఎందుకో 6వ మెట్టులో ఉంది. దీని వెనకే వచ్చే ఇంకో ప్రశ్న, "ముందు ఏ కోర్సు చేయాలి?" అని. ముందు ఏ కోర్సూ వద్దు. భద్రతా కోర్సులు, సీడీసీ (ఓడ సిబ్బందికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పుస్తకం), వీసా అన్నీ కొన్ని నెలల్లో తెమిలే పనులు. ఆడిషన్‌కి తయారు కావడానికి మాత్రం ఇప్పటికే బాగా వాయించేవాళ్లకు కూడా ఏడాది పట్టొచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అప్పు చేసి కోర్సులు ముగించి, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని, నొటేషన్ చదవడం రాక ఆడిషన్ దగ్గర ఆగిపోతారు.

ఏ పనికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

ఓడలో వాయించే పనులు నాలుగైదు రకాలు. థియేటర్లో షోలకు వాయించేది షోబ్యాండ్. మధ్యాహ్నం ఒక్క రిహార్సల్, రాత్రికి షో. కాగితం చూసి అప్పటికప్పుడు వాయించలేనివాళ్లకు అందులో చోటు లేదు. డాన్స్ పాటలు వాయించే నలుగురైదుగురి జట్టు పార్టీ బ్యాండ్. దీన్ని ఎక్కువగా జట్టుగానే తీసుకుంటారు కాబట్టి మీకో మంచి సింగర్ ఉండటం సగం బలం. గిటారో పియానోనో వాయిస్తూ పాడే సోలో కళాకారులు ఇంకో రకం. వయొలిన్ తెలిసినవాళ్లకు ఇద్దరు, ముగ్గురు కలిసి వాయించే స్ట్రింగ్ బృందాలుంటాయి.

ఎక్కువ చోట్ల 45 నిమిషాల సెట్, 15 నిమిషాల విరామం, రాత్రికి మూడు నుంచి ఐదు సెట్లు. కాంట్రాక్టు 4 నుంచి 8 నెలలు. వారాంతపు సెలవు ఉంటుందని అనుకోవద్దు.

కావలసినవి

- వయసు: చాలా అమెరికా కంపెనీలు 21 నిండాలంటాయి.
- పాస్‌పోర్టు: కాంట్రాక్టు ముగిశాక కూడా కనీసం ఆరు నెలల గడువు మిగలాలి. టెన్త్ పాసైనవాళ్లు ఈసీఎన్‌ఆర్ (వలస అనుమతి అక్కర్లేని) కేటగిరీలో తీసుకోండి.
- పేరు: టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే ప్రతి కాగితం దగ్గరా పని ఆగుతుంది. అన్నింటికంటే ముందు దీన్ని సరిచేయించుకోండి.
- ఇంగ్లీషు: వ్యాకరణం కంటే వినికిడి ముఖ్యం. రకరకాల దేశాలవాళ్ల యాసలో చెప్పే సేఫ్టీ సూచనలు అర్థం కావాలి.
- మెట్రోనోమ్ (తాళం వేగాన్ని క్లిక్కులతో వినిపించే) యాప్, వైరు ఉన్న ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్లు, నొటేషన్ చూడటానికి పెద్ద ట్యాబ్లెట్, రెండు చానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్.

1. బటన్లు, అలవాట్లు వదిలించుకోండి

అన్నింటికంటే ఎక్కువ టైం తినేది ఈ మెట్టే.

కీబోర్డ్ వాయించేవాళ్లలో చాలామంది చేతులు సీ మేజర్‌లోనో ఏ మైనర్‌లోనో పెట్టి, పాడేవాళ్ల శ్రుతికి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు. ఊళ్లో దాన్నెవరూ తప్పు పట్టరు. ఓడలో చాలా వేదికల మీద ఉండేది అసలు పియానో, దానికి ఆ బటన్ ఉండదు. ఉన్న చోట కూడా చిక్కే. బటన్ నొక్కి ఉంటే మీ వేళ్ల కింద ఉన్న కార్డ్ పేరు ఒకటి, బయటికి వినిపించేది ఇంకొకటి. పక్కన శాక్సోఫోన్ వాయించే మనిషి "ఈ ఫ్లాట్" అనగానే మీరు లెక్క కట్టుకుంటూ కూర్చుంటారు. స్టైల్స్ కూడా ఆపేయండి. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే డ్రమ్సు, బేసు మెషినే చూసుకునే అలవాటు పడ్డవాళ్లు నిజమైన బ్యాండ్‌లో కూర్చోగానే ఎడమ చేత్తో బేస్ గిటార్ స్వరాలన్నీ తొక్కేస్తారు.

నాలుగు కార్డ్‌ల పాట ఒకటి తీసుకోండి. సీ, ఎఫ్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్ అని నాలుగో స్వరం చొప్పున జరుగుతూ 12 స్కేళ్లూ చుట్టి రండి. రోజుకు 20 నిమిషాలు చాలు. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం తేలిక. పక్కనున్నవాళ్లను ఏదో ఒక స్కేల్ పేరు చెప్పమని, నాలుగు క్లిక్కులు లెక్కపెట్టి మొదలుపెట్టండి. తడుముకుంటే ఆ స్కేల్ ఇంకా రానట్టే.

గిటార్ వాళ్లకు క్యాపో ఫర్వాలేదు గాని, బారె కార్డ్‌లతో ఏ స్కేల్‌కైనా పోగలగాలి.

డ్రమ్మర్లకు అసలు పరీక్ష క్లిక్, అంటే మెట్రోనోమ్ చప్పుడు. నాలుగు బార్లు మోగి నాలుగు బార్లు మౌనంగా ఉండేలా మెట్రోనోమ్ పెట్టుకోండి. క్లిక్ తిరిగి వచ్చేసరికి మీరు దానిమీదే ఉన్నారా? వేగం పాటల్లో చాలామంది నెగ్గుకొస్తారు. నిమిషానికి 60 దగ్గర నడిచే నెమ్మది పాటలో దొరికిపోతారు. ఫిల్ కొట్టిన ప్రతిసారీ వేగం పెరుగుతుంటే, ఫిల్స్ మానేసి నెల రోజులు ఉత్త బీట్ వాయించండి.

కర్ణాటక వయొలిన్ నేర్చినవాళ్లకు స్వరజ్ఞానం పుష్కలం, దాన్ని వదులుకోనక్కర్లేదు. మారాల్సింది అమరిక. మనం తంతుల్ని స-ప-స-ప శ్రుతి చేసి, కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనిస్తాం. అక్కడ జీ-డీ-ఏ-ఈ శ్రుతి, నిలబడి వాయించడం. వాయిద్యం బరువు గడ్డానికీ భుజానికీ మారుతుంది కాబట్టి ఎడమ చెయ్యి పట్టు మళ్లీ మొదటినుంచి కుదర్చుకోవాలి. గమకం వద్దన్న చోట స్వరం కదలకుండా నిలబడాలి. ఇది యూట్యూబ్ చూసి సరిచేసుకునేది కాదు, గురువు కావాలి.

2. నొటేషన్ చూసి వాయించడం

రోజుకు 15 నిమిషాలు, రోజూ కొత్త పేజీ. నిన్నటి పేజీ మళ్లీ వాయిస్తే అది జ్ఞాపకం, చదవడం కాదు. పాట అసలు వేగంలో సగంతో మొదలుపెట్టండి. తప్పు స్వరం పడినా ఆగొద్దు. ఆడిషన్‌లో ఒకటి రెండు తప్పుల్ని క్షమిస్తారు, ఆగిపోతే క్షమించరు.

చాలామంది ఓడిపోయేది స్వరాల దగ్గర కాదు, దారి దగ్గర. రిపీట్ ఎక్కడి నుంచి, మొదటి ముగింపు ఏది, రెండో ముగింపు ఏది, సెన్యో గుర్తుకు తిరిగి వెళ్లాక కోడాకి (పాట ముగింపు భాగానికి) ఎక్కడ దూకాలి, ఇవి. వాయించే ముందు దొరికే అర నిమిషాన్ని స్వరాలకు ఖర్చు పెట్టకండి. వరుసగా చూడాల్సినవి స్కేల్, తాళం, రిపీట్లు, కోడా, స్కేల్ మారే చోటు. అంతే.

పరీక్ష: ఎన్నడూ చూడని 32 బార్ల చార్ట్ (నొటేషన్ కాగితం) తెరవండి. అర నిమిషం చూసి, క్లిక్ పెట్టి, ఫోన్‌లో రికార్డు చేస్తూ ఒక్కసారే వాయించండి. దారి తప్పినా రెండు బార్లలోపు మళ్లీ కలవగలిగితే పాసైనట్టే. వరసగా పది చార్ట్‌లలో ఎనిమిది ఇలా పాసయ్యాకే షోబ్యాండ్‌కి దరఖాస్తు పెట్టండి.

ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎమ్ అనే బ్రిటన్ సంస్థల గ్రేడ్ పరీక్షలు క్రమంగా నేర్చుకోవడానికి మంచి దారే గాని, కంపెనీలు తీసుకునేది ఆడిషన్ చూసే. గురువు దొరకకపోతే చెన్నై ఉంది. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు. ఏ.ఆర్. రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట్ల పాశ్చాత్య సంగీతం పద్ధతిగా చెప్తారు. నెలకు రెండుసార్లు వెళ్లి, మిగతా క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టుకున్నా సరిపోతుంది.

3. పాటల జాబితా

సోలోకి 150, పార్టీ బ్యాండ్‌కి 100 పాటలు లక్ష్యంగా పెట్టుకోండి. ఓడ ఎక్కేవాళ్లలో నడివయసు దాటినవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే నిన్న మొన్న వచ్చిన పాటలు 20 ఉంటే చాలు. 1960ల, 70ల సోల్, డిస్కో, 80ల రాక్, కంట్రీ, రెగే, బోసా నోవా, సల్సా, జంటలు మెల్లగా ఆడే పాటలు దండిగా ఉండాలి. మన సంఘాల్లో పాడే ఆరాధన పాటల్లో చాలావాటికి నాలుగైదు కార్డ్‌లే. జాబితాలో సెవెంత్, నైన్త్ కార్డ్‌లున్న పాటలు కూడా పడేలా చూసుకోండి.

ఎక్సెల్‌లో పాట పేరు, స్కేల్, వేగం, పాడేది ఎవరు అని రాసి పెట్టుకోండి. "వస్తుంది, ఒకసారి చూసుకుంటే చాలు" అనిపించే పాటను మాత్రం జాబితాలో రాయొద్దు. ఆడిషన్ చేసేవాళ్లు వేలు పెట్టేది సరిగ్గా దానిమీదే.

4. వీడియో

మొత్తం 8 నుంచి 10 నిమిషాలు. పూర్తి పాటలు వద్దు, ఒక్కోటీ నిమిషం నుంచి రెండు నిమిషాలు, నాలుగైదు రకాల శైలుల్లో. పరిచయం అయ్యాక, వాయించే మొదటి 20 సెకన్లలోనే మీ బలం వినపడాలి. పొడవాటి ఇంట్రోలు తీసేయండి.

- ఫోన్‌ను అడ్డంగా స్టాండ్ మీద పెట్టండి. చేతులు, ముఖం రెండూ కనపడాలి.
- శబ్దాన్ని ఫోన్ మైకుతో పట్టొద్దు. మిక్సర్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి తీసుకుని వీడియోకి కలపండి.
- పాట మధ్యలో కత్తిరింపులు ఉండకూడదు. పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడొద్దు, తెలిసిపోతుంది.
- వెనక సాదా గోడ, నల్ల చొక్కా. పెళ్లి స్టేజీ మీద రంగు లైట్లలో తీసిన క్లిప్పులు పంపకండి. ఎవరు ఏం వాయిస్తున్నారో తెలియదు.
- మొదట్లో ఇంగ్లీషులో 20 సెకన్ల పరిచయం చెప్పండి. బట్టీ పట్టినట్టు ఉండొద్దు.

పూర్తయ్యాక వీడియోను సంగీతం తెలియని మనిషికి శబ్దం ఆపేసి చూపించండి. "నవ్వడం లేదేంది?" అంటే మళ్లీ తీయండి. ఇది వినోదం అమ్మే ఉద్యోగం. వంచిన తల ఎత్తకుండా గొప్పగా వాయించేవాళ్లకంటే, శ్రోతల వైపు చూస్తూ బాగా వాయించేవాళ్లకే పని ముందు దొరుకుతుంది.

5. దరఖాస్తు, లైవ్ ఆడిషన్

కంపెనీల సొంత వెబ్‌సైట్లలో ఎంటర్‌టైన్‌మెంట్ విభాగం వెతకండి. రాయల్ కరీబియన్, కార్నివాల్, నార్వీజియన్, ఎంఎస్‌సీ లాంటి పెద్ద కంపెనీలు నేరుగానో, మ్యుజీషియన్లను మాత్రమే చూసే ఏజెన్సీల ద్వారానో తీసుకుంటాయి. హోటల్ సిబ్బందిని పంపే ఏజెన్సీకి మీ వీడియో ఇస్తే అది ఎవరి బల్ల మీదకూ చేరదు.

మన దేశంలోనే మొదలుపెట్టాలంటే కొర్డీలియా క్రూజెస్ ఉంది. 2022లో చెన్నై నుంచి కూడా ప్రయాణాలు నడిపింది. ప్రయాణికులు ఎక్కువగా మనవాళ్లే కాబట్టి హిందీ, తమిళం, తెలుగు పాటలు వచ్చినవాళ్లకు అది అనుకూలం. ఓడ అనుభవం ఒకసారి రాసుకోగలిగితే తర్వాతి దరఖాస్తుకు బరువు వస్తుంది.

లైవ్ ఆడిషన్ వీడియో కాల్‌లో జరుగుతుంది. జూమ్‌లో నేపథ్య శబ్దాన్ని అణిచే సెట్టింగ్ ఆపి, అసలు శబ్దం పంపే సెట్టింగ్ పెట్టండి. లేదంటే అది మీ వాయిద్యాన్ని గోల అనుకుని మింగేస్తుంది. ఇన్వర్టర్, రెండో ఇంటర్నెట్ కనెక్షన్ సిద్ధంగా ఉంచుకోండి.

6. ఏజెన్సీ అసలుదా, నకిలీదా

భారత్ నుంచి ఓడ సిబ్బందిని పంపే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డీజీ షిప్పింగ్) ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. నంబర్ అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీరే వెతకండి. వాళ్లు పంపిన ఫొటోను నమ్మొద్దు. జాబితాలో ఉన్న ఫోన్ నంబర్‌కి మీరే ఫోన్ చేసి, "మీ పేరుతో ఫలానావాళ్లు మాట్లాడుతున్నారు, నిజమేనా?" అని అడగండి. నిజమైన ఏజెన్సీ పేరు వాడుకునే మోసగాళ్లు ఉన్నారు.

అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఎంఎల్‌సీ 2006 ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. మన దేశం ఈ ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది. మీరు భరించాల్సినవి చట్టబద్ధమైన మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ, పాస్‌పోర్టు ఖర్చులు. వీసా ఖర్చు ఓడ యజమానిది.

ఇవి కనపడితే అక్కడే ఆగండి: ఆడిషన్ లేకుండా ఆఫర్ లెటర్, జీమెయిల్ చిరునామా, "రేపటిలోగా కట్టాలి" అనే తొందర, టూరిస్ట్ వీసా మీద దుబాయో మలేషియానో వెళ్లి అక్కడ ఎక్కొచ్చనే మాట, ఏదో విదేశపు సీడీసీ ఇప్పిస్తామనే మాట.

7. కాగితాలు, ఈ వరుసలోనే

ఆఫర్ చేతికొచ్చాక, కనీసం ఆడిషన్ పాసయ్యాక ఇవి మొదలుపెట్టండి.

మొదట ఇండోస్ నంబర్, అంటే ఓడ సిబ్బందికి డీజీ షిప్పింగ్ ఇచ్చే గుర్తింపు నంబర్. అది లేకుండా కోర్సుల్లో చేర్చుకోరు. తర్వాత ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రాథమిక భద్రతా కోర్సులు: నీటిలో ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, దీంతోపాటు సెక్యూరిటీ కోర్సు. మొత్తం దాదాపు రెండు వారాలు. చెన్నైలో, విశాఖలో డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న సంస్థలున్నాయి. నీటి కోర్సులో లైఫ్‌జాకెట్ వేసుకుని కొలనులోకి దూకాలి. నీళ్లంటే భయముంటే ముందే ఈత నేర్చుకోండి. ప్రయాణికుల ఓడ కాబట్టి జనసమూహ నియంత్రణ కోర్సు కూడా అడగొచ్చు. కంపెనీయే ఓడలో చేయిస్తుందేమో కనుక్కుని గాని డబ్బు కట్టకండి.

వీటి సర్టిఫికెట్లతో సీడీసీకి దరఖాస్తు పెట్టాలి. మెడికల్ మాత్రం కంపెనీ చెప్పిన క్లినిక్‌లోనే చేయించుకోండి. మీ ఇష్టమొచ్చిన చోట చేయిస్తే మళ్లీ చేయించాల్సి వస్తుంది. బీపీ, షుగర్, పంటి సమస్యలు ముందే చూపించుకోండి. పుచ్చు పన్ను వల్ల కూడా ఫిట్‌నెస్ ఆగుతుంది.

అమెరికా రేవులు తాకే ఓడకు సిబ్బందికి ఇచ్చే సీ1/డీ వీసా కావాలి. ఫారం డీఎస్-160, ఇంటర్వ్యూ చెన్నైలో గాని హైదరాబాద్‌లో గాని. మనవైపువాళ్లకు చెన్నై దగ్గర. పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉంటే పినాకిని ఎక్స్‌ప్రెస్‌ని నమ్ముకోవద్దు, అది చెన్నై చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ముందురోజే వెళ్లండి. "అక్కడ ఏం చేస్తావు?" అంటే ఓడ పేరు, మీ వాయిద్యం, కాంట్రాక్టు ఎన్ని నెలలు, ఈ మూడే చెప్పండి.

ఎల్లో ఫీవర్ టీకా అడిగితే ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు.

8. సంతకానికి ముందు రూటు అడగండి

లోకం చుట్టాలన్న కోరికతో వెళ్లేవాళ్లు అడగడం మర్చిపోయే ప్రశ్న ఇదే. ఏడు రోజుల కరీబియన్ చక్కర్లు కొట్టే ఓడలో ఆరు నెలలుంటే అవే నాలుగు రేవులు పాతికసార్లు చూస్తారు. అలస్కా మే నుంచి సెప్టెంబర్ దాకా, మధ్యధరా వేసవిలో, కరీబియన్ చలికాలంలో జోరుగా ఉంటాయి. ఏప్రిల్ ప్రాంతంలో, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలో ఓడలు ఒక సముద్రం నుంచి ఇంకోదానికి మారతాయి. మీ కాంట్రాక్టు ఆ మార్పు మీదుగా పడితే ఒకే జీతంతో రెండు ఖండాలు చూడొచ్చు.

కేబిన్ పంచుకోవాలా, విమాన టికెట్ ఎవరిది, మధ్యలో ఆరోగ్యం చెడితే ఇంటికి పంపే ఖర్చు ఎవరిది, ఇవి కాగితం మీద ఉండాలి. నోటి మాటలు పనికిరావు.

9. సర్దుకోవడం

అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి. చాలా ఓడల్లో 110 వోల్టుల ప్లగ్గులుంటాయి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఇస్త్రీపెట్టె, కెటిల్ తీసుకెళ్లొద్దు, భద్రతా సిబ్బంది లాగేసుకుంటారు. తంతులు, రీడ్లు, స్టిక్కులు కాంట్రాక్టుకు సరిపడా తీసుకెళ్లండి. నడిసముద్రంలో దుకాణం ఉండదు. వాయిద్యంలో ఏనుగు దంతం పొదిగిన భాగాలుంటే ఇంట్లోనే వదిలేయండి, సరిహద్దు దగ్గర పోగొట్టుకుంటారు.

ఖరీదైన వాయిద్యమైతే చెన్నై విమానాశ్రయంలో బయల్దేరే ముందే కస్టమ్స్ కౌంటర్‌లో సీరియల్ నంబర్ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు మీ సొంత వస్తువే కొత్తగా కొనుక్కొచ్చారని సుంకం అడగొచ్చు.

కారప్పొడి, కందిపొడి సీలు చేసిన ప్యాకెట్లలో పెట్టుకోవచ్చు. మాంసం పచ్చడి మాత్రం అమెరికా కస్టమ్స్ చెత్తబుట్టలో పడుతుంది.

10. ఎక్కాక

మొదటి వారం సంగీతం కంటే భద్రతా శిక్షణే ఎక్కువ. ఏడు పొట్టి, ఒక పొడవు హారన్ వినపడితే వాయిద్యం వదిలేసి మీకు కేటాయించిన చోటికి పోవాలి. ప్రయాణికులకు దారి చూపే బాధ్యత మ్యుజీషియన్లకూ ఉంటుంది. డ్రిల్ ఎగ్గొడితే వార్నింగ్.

పగలు రేవులో ఖాళీ ఉన్నా, సిబ్బందిలో కొంతమంది వంతులవారీగా ఓడలోనే ఉండాలి. మీ వంతు ఏ రోజో చూసుకున్నాకే ప్లాన్లు వేసుకోండి. దిగేటప్పుడు ఓడ టైం, ఊరి టైం వేరు కావొచ్చు. ఫోన్ తనంతట తాను ఊరి టైంకి మారిపోతుంది. చేతి గడియారాన్ని ఓడ టైంలోనే ఉంచి, ఫోన్‌ను కాకుండా దాన్నే నమ్మండి. ఓడ మీకోసం ఆగదు. అమెరికాలో దిగేటప్పుడు ఐ-95 కాగితం (సిబ్బంది ఒడ్డుకు దిగే అనుమతి) జేబులో ఉండాలి.

మద్యం విషయంలో కంపెనీ నిబంధనలు కఠినం, పరీక్షలు చెప్పకుండా పెడతారు.

11. డబ్బు, పన్ను

విదేశాలకు తిరిగే ఓడలో పనిచేసే భారతీయులకు పన్ను విషయంలో ఎన్‌ఆర్ఐ హోదా ఏడాదిలో మన దేశంలో ఉన్న రోజుల లెక్కమీద వస్తుంది. 182 రోజుల కంటే తక్కువ ఉండటం కీలకం. ఆ రోజుల్ని సీడీసీలో పడిన ఎక్కిన తేదీ, దిగిన తేదీ ముద్రల ప్రకారం లెక్కకడతారు. 2017 ఏప్రిల్ 11న సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ఇచ్చిన 13/2017 సర్క్యులర్ ప్రకారం, నాన్-రెసిడెంట్ నావికుడి విదేశీ ఓడ జీతం ఎన్‌ఆర్ఈ (ఎన్‌ఆర్ఐలకు బ్యాంకులిచ్చే) ఖాతాలో పడినంత మాత్రాన ఇక్కడ పన్ను పడదు. రిటర్న్ మాత్రం నావికుల లెక్కలు తెలిసిన ఆడిటర్‌తో వేయించండి. కాంట్రాక్టు ఏ నెలలో మొదలవుతుందో చూసి ముందే అడిగితే, పది రోజుల తేడాతో హోదా పోకుండా చూసుకోవచ్చు.

దిగే ముందు క్రూ ఆఫీసులో మూడు పనులు పూర్తిచేసుకోండి. సీడీసీలో దిగిన తేదీ ముద్ర, ఓడలో పనిచేసిన కాలాన్ని చూపే సీ సర్వీస్ లెటర్, మ్యూజికల్ డైరెక్టర్ సంతకంతో పనితీరు నివేదిక. ఇంటికొచ్చాక మెయిల్ పెట్టి తెప్పించుకుందామనుకుంటే ఆ డైరెక్టర్ అప్పటికే ఇంకో ఓడలో ఉంటారు.